సైకిళ్ల మీద మన్యం కొండలకు

వేడి దేశాలలో కొండదారుల మీద సైకిలు తొక్కడం ఈనాడు పెద్ద వేడుక అయింది. మధ్య అమెరికాలోని కోస్టారికాలో ఒక సముద్రతీరం నుండి మరొక సముద్రతీరం వరకు, అడవులూ కొండలూ దాటే సైకిలు పందెం 1993లో మొదలైంది. అటువంటి చిత్రాలు చూచి మన యువకులు ముచ్చటపడుతున్నారు. ప్రియ పాఠకులారా, 17 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న మన ధవళేశ్వరం కూడ వేడి దేశపు ఊరే గదా! కొండలూ దూరం కాదు. రాజమండ్రి నుండి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు. రాబోయే డిసెంబరు సెలవులలో కొందరు యువకులతో అక్కడికి వెళ్లాలని మేము తలపెట్టాము. తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్నలు న్యాయమైనవే కనుక మా ఆలోచన ఇక్కడ వ్రాస్తున్నాము.

డిసెంబరు ఎందుకంటే, మే నెల ఎండలో ఈ పని ప్రాణాంతకం. వర్షాకాలంలో వాగులు పొంగుతాయి, మట్టిదారి జారుతుంది. చలికాలంలోనూ ఉదయం పదింటికల్లా ఎక్కుడు ముగించి, మధ్యాహ్నం నీడపట్టున ఆగాలి. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి పది పద్నాలుగు రోజులు కావాలి కనుక ముందు రెండు వారాలు రోజూ గంటసేపు తొక్కి తీరాలి. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ప్రతివాడూ వెంట తెచ్చుకోవాలి. చెమట ఓడ్చినవాడికి ఉత్త నీళ్లు చాలవు. మాట తడబడినా, తూలినా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరాలి. ఆలస్యం చేయక ఆస్పత్రికి చేర్చాలి.

మాకున్న అసలు దిగులు ఎక్కుడు కాదు, దిగుడు. కాలువగట్ల మీద, బ్యారేజి మీద తొక్కి పెరిగిన మన పిల్లల కాళ్లలో బలానికి లోటు లేదు. చదునైన డెల్టాలో వారి చేతులకు మాత్రం దిగుడు తెలియదు. ఘాట్ రోడ్డులో బ్రేకు పట్టి వదలకపోతే చక్రపు రిమ్ము కాలిపోయి ట్యూబు పేలవచ్చు. రెండు బ్రేకులూ కలిపి, కాసేపు పట్టి కాసేపు వదలాలి. మలుపులో కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. బరువు వెనక్కి ఉంచాలి. గేర్లు ఎన్ని ఉన్నా బ్రేకు రబ్బర్లు అరిగిన సైకిలును మేము రానివ్వము. (గేర్లు లెక్కపెట్టుకొని మురిసిపోయే కుర్రవాళ్లకు ఈ మాట రుచించలేదు!) విడి ట్యూబులు, పంక్చరు సామాను, గాలిపంపు అందరికీ కలిపి రెండు జతలు చాలు.

గోకవరం వరకు లారీల రద్దీ కనుక సైకిళ్లను వ్యానులో ఎక్కిస్తాము. అక్కడినుండి రంపచోడవరం, మరునాడు మారేడుమిల్లి. ఆ పైన చింతూరు ఘాటుకు వెళ్లము. చాలామంది ఆశపడ్డారు, మేము ఒప్పుకోలేదు. 2019 అక్టోబరులో ఆ మలుపుల్లోనే యాత్రికుల బస్సు లోయలో పడి పలువురు మరణించారు. బస్సుకే చోటు చాలని చోట సైకిలు మాటేమిటి?

దారి పొడుగునా కొండరెడ్ల పల్లెలు ఉన్నాయి. అవి వారి ఇళ్లు, మనకు చూపుడు బొమ్మలు కావు. అడగకుండా ఫొటోలు తీయరాదు, చెట్టు కాయ కోయరాదు. రాత్రి బస ముందుగా కుదిరిన చోటనే.

ఇక దోమల సంగతి. మన్యంలో మలేరియా పాతదే. ఆ దోమ పొద్దుగుంకింది మొదలు తెల్లవారే వరకు కుడుతుంది. కాబట్టి నిండు చేతుల చొక్కా, దోమతెర తప్పవు. కుట్టిన వెంటనే జ్వరం రాదు. సాధారణంగా వారం నుండి రెండు వారాలకు, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా వస్తుంది. అప్పటికి పిల్లవాడు కాలేజీలో ఉంటాడు, ప్రయాణం మరచిపోతాడు, ఎవరో మామూలు జ్వరమని మాత్ర ఇస్తారు. ఇందులో ఒక రకం ఒక్క రోజులోనే మెదడుకు ఎక్కగలదు. అందుకని అమ్మలకు మా మనవి: తిరిగివచ్చిన తేదీ గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. రెండు నెలల లోపు ఏ జ్వరం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించి, మన్యం వెళ్లివచ్చాడని డాక్టరుగారితో మొదటే చెప్పండి.

ఇద్దరు అమ్మలు ఇంకా సరే అనలేదు. వారి ఇళ్లకు వచ్చే ఆదివారం సాయంకాలం వెళ్తున్నాము, బ్రేకులు చూపించడానికి సైకిళ్లతో సహా.