చలికాలంలో శాంటోరిని, స్ట్రాంబోలి: పోవచ్చా, వద్దా?

ఈ ఎపిసోడ్ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి చూస్తున్నోళ్ల కోసం, ముఖ్యంగా గల్ఫ్‌ల పనిచేస్తూ ఒక్కసారన్నా కుటుంబంతో యూరప్ చూడాలనుకునేటోళ్ల కోసం. గ్రీస్‌లో శాంటోరిని, ఇటలీలో స్ట్రాంబోలి దీవులకు సీజన్ కాని రోజుల్లో పోతే ఏం దొరుకుతది, ఏం దొరకదు, ఇదే ఇయ్యాల్టి ముచ్చట.

ముందుగాల సీజన్ సంగతి. మన దగ్గర ఎండలు పోయినంక వాన వస్తది. అక్కడ ఉల్టా. ఎండకాలం చుక్క వాన పడదు, వానలన్నీ చలితోటి కలిసి వస్తయి. అందుకే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా జనం ఎగబడతరు. శాంటోరినిలో ఉండేది సుమారు 15 వేల మంది, ఏడాదికి వచ్చేది 30 లక్షల పైనే. నవంబర్ నుంచి మార్చి దాకా ఆ గుంపు ఉండదు, గదుల రేట్లు దిగుతయి. కానీ చాలా హోటళ్లు, తినే జాగలు అసలే మూసేస్తరు. సముద్రం మీద గాలి లేస్తే ఫెర్రీ ఆగిపోతది. రేపు ఏథెన్స్‌లో విమానం ఎక్కాలని ఇయ్యాల దీవి మీద ఉంటే ఇరుక్కున్నట్టే. దీవి నుంచి వచ్చినంక ఒక రోజు చేతిలో పెట్టుకోవాలె. నన్నడిగితే అక్టోబర్ చివర, లేకుంటే ఏప్రిల్ మొదట్ల పోవుడే మంచిది.

ఇగ అగ్నిపర్వతం సంగతి. నిర్మల్, ఆదిలాబాద్ దిక్కు నల్లరాయి, రేగడి చూసినోళ్లకు ఇది కొత్త కాదు. అది కూడా లావానే, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద నేల పగుళ్లలో నుంచి పారి పరుచుకున్నది. శాంటోరిని అట్ల పారలేదు, పేలింది. దాదాపు 3,600 ఏళ్ల కింద పేలి, నడిమి భాగం కూలి, సముద్రం లోపలికి వచ్చింది. ఫోటోల్లో కనిపించే తెల్ల ఇండ్లన్నీ ఆ గుంత అంచు మీదనే ఉన్నయి. నడుమ నల్లగా కనిపించే నియా కమేని దీవిలో చివరిసారి 1950లో లావా వచ్చింది.

చలికాలం పోయినోళ్లకు ఒక లాభం ఉంది. అక్కడ ద్రాక్ష తీగలను పందిరికి ఎక్కియ్యరు. గాలికి తట్టుకోవాలని నేల మీదనే గంపలాగ చుట్టి పెంచుతరు. ఆకు రాలినంక ఆ గంపలు సాఫ్‌గ కనిపిస్తయి. ఆ బూడిద నేల రాత్రి తేమను పట్టి తీగకు ఇస్తది. వ్యవసాయం చేసేటోళ్లు దీన్ని చూడకుండ రావద్దు, సూర్యాస్తమయం కంటే ఇదే నాకు ఎక్కువ.

స్ట్రాంబోలి వేరే రకం. ఎత్తు 924 మీటర్లు, మామూలు రోజుల్లో నిమిషాల తేడాతో చిన్న చిన్నగా పేలుతూనే ఉంటది. రాత్రి దూరం నుంచి వెలుగు కనిపిస్తదని నావికులు దాన్ని మధ్యధరా దీపస్తంభం అన్నరు. సిసిలీలోని మిలాజో నుంచి పడవలు పోతయి. 2019 జులైలో పెద్ద పేలుడు వచ్చి ఒక ట్రెక్కర్ చనిపోయిండు. అప్పటి నుంచి శిఖరం మీదికి పోనిస్తలేరు. ఎంత ఎత్తు దాకా, గైడ్‌తోనా అనేది అధికారులు మారుస్తుంటరు, పోయే వారం చూసుకోవాలె. సీజన్ కాకుంటే భయం లేదనుకోవద్దు. 2002 డిసెంబర్ 30న ఇదే కొండ చరియ సముద్రంలోకి జారి సునామీ వచ్చింది. శాంటోరిని దగ్గర 2025 జనవరి, ఫిబ్రవరిల్లో వేల సార్లు భూమి కదిలి, 11 వేల మందికి పైగా దీవి విడిచిపోయిన్రు. అది కూడా చలికాలమే.

వీసా సంగతి జర ఇనుండ్రి. షెంగెన్ వీసాకు పెద్దోళ్లకు 90 యూరోలు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా అప్లై చేయవచ్చు. ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలకు ఉండాలె. రెండు దేశాలు తిరిగితే ఎక్కువ రోజులు ఉండే దేశానికి అప్లై చేయాలె. దుబాయ్‌లో రెసిడెన్స్ ఉన్నోళ్లు దుబాయ్‌లోనే పెట్టుకోవచ్చు, ఇంటికి రావాల్సిన పని లేదు.

ఇక్కడ్నే ఒక మాట. గల్ఫ్‌కు విజిట్ వీసా మీద పంపి పని ఇప్పిస్తమన్న ఏజెంట్ల సంగతి మన పల్లెలకు తెలవంది కాదు. అదే మాట ఇప్పుడు యూరప్ పేరుతోటి చెప్తే నమ్మకుండ్రి. టూరిస్టు వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనియ్యరు, పని చేయనియ్యరు. దొరికితే వెనక్కి పంపుతరు, మళ్లీ రాకుండ నిషేధం కూడా పెడతరు. లక్షలు అడిగితే, ఏ వీసా అని కాగితం మీద రాసి ఇమ్మనుండ్రి.