కాన్వెంటు బాలికాపాఠశాలలో మతబోధ

ఆడపిల్లను కాన్వెంటు బడికి పంపవలెనా, వలదా యని మా బెల్లంపల్లి బొగ్గుగనుల సీమలో నేటికిని తర్కము జరుగుచునే యున్నది. చదువు బాగుగా చెప్పుదురని అందరు నొప్పుకొందురు. మతబోధ మాట వచ్చుసరికి గొంతులు తగ్గును. నేను గురుముఖమున కావ్య వ్యాకరణములు చదివి, ముప్పది యేండ్లు తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. అందు కొన్ని యేండ్లు ఒక కథోలిక బాలికోన్నత పాఠశాలలో గడచినవి. అచట కన్నది, పిమ్మట విచారించి తెలిసికొన్నది మీకు విన్నవింతును.

కన్యస్త్రీల బడులు మనకు క్రొత్తవి గావు. ఇటలీదేశపు ట్యూరిన్ నగరమున పుట్టిన సెయింట్ ఆన్స్ సభవారు 1871లో సికిందరాబాదునకు వచ్చి బాలికలకు విద్య గరపిరి. హైదరాబాదున రోజరీ కాన్వెంటు 1904లో వెలసెను. మా వైపు కథోలికులకు మంచిర్యాల కేంద్రముగా ఆదిలాబాదు మేత్రాసనము 1999లో నేర్పడినది. అది కేరళమునందలి సీరోమలబారు సంప్రదాయమునకు చేరినది. గోదావరి కావలి యొడ్డున నున్న వరంగల్లు మేత్రాసనము లాటిను సంప్రదాయమునకు చేరినది. పూజావిధి వేరు, పెద్ద మాత్రము రోమునందలి పాపుగారే. వైష్ణవాలయములలో వైఖానసము, పాంచరాత్రము నున్నట్లు దీనిని మనము గ్రహింపవచ్చును.

ఇక బడిలోనికి వత్తము. గంట కొట్టగానే తరగతి రెండు పాయలుగా చీలెడిది. కథోలిక బాలికలు సత్యోపదేశమునకు పోయెడివారు. విశ్వాసము, దివ్యసంస్కారములు, పది యాజ్ఞలు, జపము అను నాలుగింటిపైన ఆ బోధ నిలిచియున్నది. విశ్వాస సంగ్రహమును, పరలోక జపమును, మంగళవార్త జపమును చిన్నతనముననే వల్లింతురు. పిమ్మట ప్రశ్నలు, వానికి ఉత్తరములు. ప్రశ్నోపనిషత్తు నెరిగిన మనకు ఈ పద్ధతి వింత గాదు. అర్థము తెలియక వల్లించుట యేమని కొంద రాక్షేపింతురు. అమరకోశము నేనును అర్థము తెలియకయే వల్లించితిని. అది నాకు అక్కరకు వచ్చినది గనుక ఆ యాక్షేపణ చేయజాలను.

తక్కిన బాలికలకు ఆ గంటలో మోరల్ సైన్సు. సత్యము పలుకుట, పెద్దలను గౌరవించుట, పొరుగువానికి తోడుపడుట. పదవ తరగతి సర్కారు పరీక్షలో దీనికి మార్కులు లేవు.

ఒకనాటి సాయంకాలము గనిలో పనిచేసి దిగిన వృద్ధుడొకడు మా యింటికి వచ్చెను. మనుమరాలు ఎనిమిదవ తరగతి. కూర్చుండకయే అడిగెను: "సారూ, మా పిల్ల పొద్దుగాల బడిల ఏసుప్రభువు పాట పాడుతున్నదట. మతం గిట్ల మారుస్తరా ఏంది?"

నేను వెంటనే బదులు చెప్పలేదు. ఎరిగిన విషయమును ఎరిగినంతవరకే చెప్పవలెను గదా. మన రాజ్యాంగము 1950లో అమలునకు వచ్చినది. అందలి 28వ అధికరణము దీనిగూర్చియే చెప్పుచున్నది. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడచు బడిలో మతబోధ కూడదు. సర్కారు గుర్తింపు గాని, సహాయధనము గాని పొందిన బడిలో మతబోధ యుండవచ్చును. అయితే విద్యార్థి తన సమ్మతి లేనిదే, మైనరైనచో సంరక్షకుని సమ్మతి లేనిదే, దానిలో పాల్గొన నక్కరలేదు. అచటి ప్రార్థనకును ఇదే నియమము. అల్పసంఖ్యాకులు తమ బడులను తామే స్థాపించి నడపుకొను హక్కు 30వ అధికరణమున నున్నది. ఒకటి బడివారి హక్కు, రెండవది మన హక్కు. ఈ రెండవదాని నెరిగినవారు మన యూళ్లలో తక్కువ.

కథోలికసభ తానును ఈ మాట చెప్పినది. రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7వ తేదీన మతస్వాతంత్ర్యమును గూర్చి ప్రకటన చేసినది. బిడ్డల మతశిక్షణను నిర్ణయించు హక్కు తలిదండ్రులదనియు, వారి విశ్వాసమునకు సరిపడని పాఠములకు బిడ్డలను బలవంతముగా పంపరాదనియు అందున్నది. కావున సంకోచము విడిచి అడుగవచ్చును. అడిగినచో వారి ధర్మమును వారికి గుర్తుచేసినట్లే యగును.

వృద్ధునితో ఇదంతయు చెప్పితిని. అతడు చాలసేపు ఊరకుండి, "సమ్మతి మేమెప్పుడిచ్చినం సారూ?" అనెను. ఆ ప్రశ్నకు నాయొద్ద ఉత్తరము లేకపోయెను. చేర్చునాడు పెట్టిన సంతకములలో ఏది దేనికో చదివి చెప్పినవారెవరు?

నాకు తోచినది దాచను. మోరల్ సైన్సు గంట చాలవరకు పలుచని మజ్జిగ. ఎవరి మతమునకును నొప్పి కలుగకుండ వ్రాయబోయి, ఏ మతపు రుచియు లేకుండ చేసినారు. మతము నుపదేశించుట వేరు, మతములను గూర్చి తెలుపుట వేరు. పాఠ్యప్రణాళికపై వచ్చిన వ్యాజ్యెములో 2002లో సుప్రీముకోర్టు ఈ భేదమును గుర్తించినది. హిందూబాలికకు జపమాల యేమో, కథోలిక బాలికకు బతుకమ్మ యేమో, ఇద్దరికిని రంజా నుపవాస మేమో తెలిసినందువలన ఎవరి యిల్లును చెడదు.

మరునాడు వృద్ధుడు మనుమరాలిని వెంటబెట్టుకొని బడికి పోయెను. పెద్ద సిస్టరుగారు వారిని కూర్చుండబెట్టి, పాట పాడ నిష్టము లేనిచో పిల్ల ఊరక నిలుచుండవచ్చునని చెప్పిరట. అతడు పిల్లవైపు చూచెను. "పాట మంచిగుంటది తాతా, పాడుత. సత్యోపదేశం గంటకైతే పోను" అన్నదట ఆమె. ఆ మాటనే కాగితముపై వ్రాయించి, సంతకము చేసి, నకలొకటి తెచ్చి నాకు చూపెను.