ముప్పై దాటాక పైలట్ అవ్వొచ్చా?

అవ్వొచ్చు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకి డీజీసీఏ పెట్టిన కనీస వయసు 18. చేరడానికి పై హద్దు లేదు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉంటే చాలు, కాబట్టి మన ఎంపీసీ బ్యాచ్‌కి దిగుల్లేదు. (బీటెక్ బ్యాక్‌లాగుల గురించి ఎవరూ అడగరు!) హద్దంతా అవతలి వైపు: 65 దాటితే ఎయిర్‌లైన్‌లో నడపనివ్వరు.

అసలు గండం మెడికల్. ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1. కళ్లజోడుంటే ఫర్వాలేదు గానీ బీపీ, షుగర్, గుండె, రంగులు గుర్తుపట్టే చూపు అన్నీ చూస్తారు. ఇరవైల్లో లేని బీపీ ముప్పైల్లో వచ్చి కూర్చుంటుంది. అందుకే 36 ఏళ్ల మా చిన్నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేస్తానన్నప్పుడు, "ముందు మెడికల్ చేయించుకో, రాజీనామా తర్వాత" అన్నాను. ఫీజు కట్టేశాక డాక్టర్ దగ్గరికి పోవడం తలకిందుల లెక్క.

నావిగేషన్, మెటియరాలజీ లాంటి పేపర్లలో ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. ఆపైన 200 గంటల ఫ్లయింగ్. మన మామునూరు విమానాశ్రయం 1981లోనే మూతపడింది, కాబట్టి హైదరాబాదో ఇంకో ఊరో పోవాల్సిందే. ఖర్చు అర కోటి దాకా అవుతుంది. లైసెన్స్ చేతికొచ్చినా ఉద్యోగం గ్యారంటీ కాదు. వచ్చినా కోపైలట్ సీటుతోనే మొదలు, పక్కన కూర్చునే కెప్టెన్ తనకంటే చిన్నోడు కావచ్చు.

చిన్నాన్నకి దాంతో ఇబ్బంది లేదట. ఇంటి ఈఎంఐ సంగతే ఇంకా తేలలేదు.