వరుసలను చూపే పాయింటర్లు

సి భాషలో రెండు కొలతల అర్రే, అంటే విలువలను అడ్డ వరుసలుగా, నిలువు వరుసలుగా అమర్చిన పట్టిక, మెమరీలో నిజానికి ఒకే పొడవాటి బారుగా ఉంటుంది. 10 అడ్డ వరుసలు, వరుసకు 20 విలువలు గల పట్టికలో ఎ[3][5] కావలసి వచ్చినప్పుడు, 3ను 20తో గుణించి 5 కలిపి, మొదటి విలువ నుంచి 65 స్థానాలు ముందుకు వెళ్లాలి. ఈ గుణకారం చెల్లాలంటే వరుసలన్నింటి పొడవూ సమానంగా ఉండక తప్పదు.

పాయింటర్ల అర్రేకు ఆ నిర్బంధం లేదు. పాయింటర్ అంటే మరొక విలువ ఉన్న చోటి చిరునామాను దాచుకొనే చలరాశి. అటువంటి చిరునామాలను ఒక అర్రేలో పేర్చి, ఒక్కొక్కటి ఒక్కో వరుస మొదలును చూపేటట్లు చేస్తే, బి[3][5] అన్నప్పుడు 3వ గడిలోని చిరునామాకు వెళ్లి (లెక్క సున్నా నుంచే మొదలవుతుంది), అక్కడి నుంచి 5 స్థానాలు జరిగితే చాలు. రాత ఒక్కటే, దారి వేరు. అందుకే ఒకదానిని ఆశించే ఫంక్షన్‌కు రెండవదానిని అందించడం కొత్తవారిలో తరచూ కనిపించే పొరపాటు.

ఈ పద్ధతి వల్ల స్థలం ఆదా అవుతుందన్న మాటను లెక్క కట్టకుండా నమ్మకూడదు. ఇంగ్లీషు నెలల పేర్లు పన్నెండింటినీ సమాన వరుసల్లో ఉంచితే, ముగింపు గుర్తుతో కలిపి 10 బైట్లు పట్టే సెప్టెంబరే కొలత కాబట్టి 120 బైట్లు కావాలి. పాయింటర్లతోనైతే పేర్లకు 86 బైట్లు చాలు, కానీ చిరునామాల ఖర్చు అదనం. 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించిన పీడీపీ-11 యంత్రంలో చిరునామాకు 2 బైట్లే కాబట్టి మొత్తం 110 అయ్యేది. నేటి 64 బిట్ల యంత్రంలో చిరునామాకు 8 బైట్లు కాబట్టి అదే మొత్తం 182కు చేరి, ఆదా కాస్తా నష్టమవుతుంది.

అసలు లాభం క్రమబద్ధీకరణలో ఉంది: వేల పంక్తులను అక్షరక్రమంలో పెట్టేటప్పుడు పంక్తులను కదల్చకుండా వాటి చిరునామాలను మాత్రమే తారుమారు చేయవచ్చు. అయితే ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీని కేటాయించే మాలాక్ ఫంక్షన్‌తో వరుసలను విడివిడిగా తెచ్చుకున్నప్పుడు, ముందుగా వరుసలను, ఆ తరువాతనే పాయింటర్ల అర్రేను విడిచిపెట్టాలి. క్రమం తప్పితే వరుసల చిరునామాలు చేజారి, ప్రోగ్రామ్ ముగిసేవరకు ఆ మెమరీ ఎవరికీ అక్కరకు రాదు.