వాపిటి నుంచి జాగ్వార్ దాకా

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ జనం మూటాముల్లె సర్దుకుని పల్లెబాట పట్టారు. ఆనాడు దేశపు తీరాలకు కాపలా తిరిగిన మన విమానాలు వాపిటి వంటివి. రెక్కలకు గుడ్డ తొడుగు, పైలట్ తల మీద ఆకాశమే కప్పు. కరాచీలో అలాంటి విమానాలతోనే కొలువు మొదలుపెట్టాడు, నిజాం కాలేజీలో చదివి వచ్చిన హైదరాబాదీ కుర్రాడు ఇద్రీస్ హసన్ లతీఫ్. అప్పటికి వయసు పద్దెనిమిదేళ్లు. తర్వాత ఇంగ్లాండులో హరికేన్లు, స్పిట్‌ఫైర్లు నడిపాడు. బర్మా యుద్ధరంగం చూశాడు.

1947లో దేశంతో పాటు వైమానిక దళమూ రెండుగా చీలింది. సహచరులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్థాన్‌కు రమ్మని నచ్చజెప్పారు. ఆ ఇద్దరూ ఆ తర్వాత అక్కడి వైమానిక దళాధిపతులయ్యారు. లతీఫ్ వెళ్లలేదు. ఆయన సొంతూరు హైదరాబాదు అప్పటికింకా భారతదేశంలో కలవలేదు. అయినా ఆయన భారత్‌నే ఎంచుకున్నారు. ఆ తెగువకు చేతులెత్తి మొక్కాలి.

1971 యుద్ధ సమయంలో వైమానిక దళ ప్రణాళికల బాధ్యత ఆయనదే. ఏ విమానం కొనాలి, ఎందుకు కొనాలి అని ప్రభుత్వానికి చెప్పాల్సిన కుర్చీ అది. 1978లో దళాధిపతి అయ్యేసరికి కాన్‌బెర్రాలు, హంటర్లు పాతబడ్డాయి. నేలకు దగ్గరగా ఎగురుతూ శత్రుభూమి లోపలికి చొచ్చుకెళ్లే విమానం కోసం దళం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. ఆయన పట్టుబట్టి ప్రభుత్వాన్ని ఒప్పించారు. ఆ అక్టోబరులోనే జాగ్వార్ ఎంపిక ఖాయమైంది, 1979 జులైలో తొలి విమానాలు అంబాలాలో దిగాయి. ఆయన సేవల్లో అన్నింటికన్నా గొప్పది ఇదే. గాల్లో ప్రాణం ఒడ్డినవాడు చెప్పిన మాట గనుకే ఆ సలహాకు అంత బరువు. 1981లో పదవీ విరమణకు ముందు కొత్తగా వచ్చిన మిగ్-25లోనూ ఎగిరారు.

ఆపైన మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్స్‌లో మన రాయబారిగా పనిచేశారు. ఆయన గవర్నరుగా ఉన్న రోజుల్లో భార్య బిల్కీస్ ధారావి మురికివాడలో సేవచేశారు. హైదరాబాదులో 2018లో కన్నుమూసేనాటికి లతీఫ్‌కు 94 ఏళ్లు.

ఈ కథ మన విజయనగరం పిల్లలకు తెలియాలి. ఇక్కడి రాజవంశానికి చెందిన పూసపాటి పి.వి.జి. రాజు తమ ప్యాలెస్‌నూ భూములనూ ఇవ్వగా 1962లో కోరుకొండ సైనిక పాఠశాల వెలిసింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి యూనిఫాం కలతో ఏటా ఎందరో పిల్లలు దాని ప్రవేశపరీక్ష రాస్తున్నారు. వైమానిక దళానికి సారథ్యం వహించిన ఈ హైదరాబాదీ జీవితాన్ని వాళ్లకు పాఠంగా చెప్పండి. పాఠశాల పెద్దలకు, మన జిల్లాల ఉపాధ్యాయులకు ఇదే మనవి.