పునాది తవ్వేముందు ఆ జాగా చరిత్ర

2017 జూన్ 15న జార్ఖండ్‌లోని ధన్‌బాద్–చంద్రపుర రైలు మార్గం మూతపడింది. పట్టాలకు ఏమీ కాలేదు, వంతెనలూ గట్టిగానే ఉన్నాయి. చెడింది కింది నేల. ఝరియా బొగ్గు పొరల్లో వందేళ్లుగా మండుతున్న నిప్పు పట్టాలకు ముప్పు తెస్తుందని గనుల భద్రతా అధికారులు హెచ్చరించడంతో 34 కిలోమీటర్ల లైను మీద ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. మళ్లీ తిరిగింది 2019లో.

రామగుండం ఝరియా కాదు. అయినా రైల్వే స్టేషనో, బస్టాండో కట్టేముందు "ఈ జాగాల ఇదివరకు ఏముండె?" అని తప్పకుండా అడగాల్సిన ఊళ్లు తెలంగాణలో ఏవంటే గోదావరిఖని, రామగుండం పేర్లే ముందు చెప్పాలి. నిజాం కాలంలో కాజీపేట–బల్లార్షా లైను పడినప్పుడు రామగుండం మామూలు పల్లెటూరి స్టేషను. తర్వాత సింగరేణి బొగ్గు బావులు తెరుచుకున్నాయి. 1971లో 62.5 మెగావాట్ల 'బి' థర్మల్ స్టేషన్, 1980లో బొగ్గు నుంచి యూరియా తీసే ఎఫ్‌సీఐ ఫ్యాక్టరీ, 1983లో ఎన్టీపీసీ తొలి యూనిట్ వరసగా వచ్చాయి. ఎఫ్‌సీఐ 1999లో మూతపడింది. అక్కడే గ్యాస్‌తో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్ ఎరువుల ఫ్యాక్టరీ 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అమృత్ భారత్ పథకం కింద రామగుండం స్టేషన్‌కు కొత్త హంగులు దిద్దే పనులు చేపట్టారు. ఒకే తరం కళ్లముందు ఇన్ని పనులకు వాడిన నేల మరోచోట దొరకడం కష్టం.

నేల పరీక్ష అనగానే గుర్తొచ్చేది బోరు మిషను. నిజానికి పని మొదలయ్యేది బీరువాల దగ్గర. పాత పహాణీలు, ఉపగ్రహ చిత్రాలు, సింగరేణి సర్వే ఆఫీసులోని బావి ప్లాన్లు ముందు చూడాలి. భూమి లోపల ఏ పొరలో ఎంత బొగ్గు తీశారో, స్తంభాలు ఎక్కడ వదిలారో, ఖాళీని ఇసుకతో నింపారో లేదో ఆ ప్లాన్లే చెబుతాయి. రైలు పట్టాలకు, రోడ్లకు, భవనాలకు 45 మీటర్ల దూరంలోపు బొగ్గు తీయాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలన్నది గనుల నిబంధన. అయితే ఆ నిబంధన కాపాడేది అప్పటికే ఉన్న కట్టడాలను. ముప్పై ఏళ్ల కింద తవ్వి వదిలేసిన చోట రేపు కట్టబోయే స్టేషన్‌ను అది ఎలా కాపాడుతుంది?

కాగితాల తర్వాత మనుషులు. రిటైరైన మైనింగ్ సర్దారో, ఓవర్‌మనో, వర్క్‌షాప్ ఫిట్టరో దొరికితే అరగంటలో సగం సమాచారం వచ్చేస్తుంది. "గీడ పాత సబ్‌స్టేషన్ ఉండె సార్, కారిన ఆయిలంతా గా మూలకే పోతుండె" లాంటి ఒక్క మాట చాలు, నమూనా ఎక్కడ తీయాలో తెలిసిపోతుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో పీసీబీలనే విషపదార్థాలు ఉండే అవకాశం ఉంది. వాటి వాడకానికి మన దేశం పెట్టిన గడువు 2025 డిసెంబర్ 31. అన్నట్టు, రవాణా సంస్థలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. భూమిలో పాతిన డీజిల్ ట్యాంకులున్న బస్ డిపో, నూనె మరకలు తప్పని లోకోషెడ్డు పక్కన విస్తరణ చేపడితే ముందు చూడాల్సింది తమ పెరటినే.

అప్పుడు బోరు వేస్తారు. గొట్టంలో పైకొచ్చిన మట్టిని వరసగా పేర్చితే నేల పొరలు బయటపడతాయి. పైన అడుగు మేర ఎర్రమట్టి, దాని కింద సిమెంటు పొడిలాంటి బూడిద రంగు పొర కనిపిస్తే సంగతి అర్థమైనట్టే: అది థర్మల్ ప్లాంటు బూడిదతో మెరక చేసిన జాగా. మన బొగ్గులో మూడో వంతుకు అటూఇటూ బూడిదే. లోతట్టు స్థలాల్ని దానితో నింపడం చట్టసమ్మతమే, రోడ్ల కట్టలకు వాడమని ప్రభుత్వమే చెబుతోంది. కానీ బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం, సీసం లాంటివి కొద్ది మోతాదుల్లో ఉంటాయి, నీరు తగిలితే మెల్లగా దిగుతాయి. పైగా సరిగా కుదించని బూడిద తడిస్తే బరువు మోయదు. అందుకే మట్టితో పాటు భూగర్భ జలాన్నీ, మట్టి రంధ్రాల్లోని వాయువునూ పరీక్షించాలి. స్టేషన్లలో సబ్‌వేలు, లిఫ్టు గుంతలు, కేబుల్ సొరంగాలు ఉంటాయి. మీథేనో, పెట్రోలు ఆవిరో చేరితే అక్కడే చేరుతుంది.

ఇంత ఖర్చు అవసరమా అనేవాళ్లకు లండన్ ఉదాహరణ చూపొచ్చు. అక్కడి నార్త్ గ్రీనిచ్ మెట్రో స్టేషన్ 1999 మేలో తెరుచుకుంది. అది నిలబడిన నేల ఒకప్పుడు యూరప్‌లోనే పెద్దదైన గ్యాస్ ఫ్యాక్టరీది. దశాబ్దాల పాటు అక్కడ బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి గ్యాస్ తీశారు. మిగిలింది తారు, బెంజీన్, సైనైడ్ సమ్మేళనాలు. గ్యాస్‌ను శుద్ధి చేసే ఇనుప ఆక్సైడ్ వాడి పారేశాక నీలిరంగుకు తిరుగుతుంది. ఇలాంటి పాత గ్యాస్ ఫ్యాక్టరీల నేల తవ్వితే నీలి మట్టి పైకొస్తుంది. ఆ రంగు చూడగానే ఇంజినీర్లు సైనైడ్ పరీక్షకు పంపుతారు. అక్కడ చెడిన మట్టిని చాలావరకు శుద్ధి చేసిన తర్వాతే ఆ ప్రాంతాన్ని జనానికి అప్పగించారు.

మన దగ్గర ఇలాంటి నేలల కోసం ప్రత్యేక నిబంధనలు వచ్చింది 2025 జులైలోనే. జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాల జాబితా ఆరు నెలలకోసారి ఇవ్వాలి, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి, శుభ్రం చేసే ఖర్చు కలుషితం చేసినవాడే భరించాలి. చదవడానికి బాగున్నాయి. చిక్కల్లా మినహాయింపుల్లో ఉంది: గనుల తవ్వకం వల్ల చెడిన నేలకు ఈ నిబంధనలు సాధారణంగా వర్తించవు. బూడిదకేమో వేరే నోటిఫికేషన్ ఉంది. అంటే బొగ్గు ప్రాంతంలో ఎక్కువగా కనిపించే రెండూ ఈ జాబితాలో చేరడం కష్టమే. ఆ ఖాళీని పూడ్చాల్సింది స్టేషన్ కట్టే సంస్థే, ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) దశలోనే.

ఎందుకంటే ఆలస్యమైతే సమస్య లారీలకెక్కుతుంది. తవ్విన మట్టి ప్రమాదకరమని తేలితే దాన్ని హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ కేంద్రం లాంటి అనుమతి ఉన్న చోటికి పంపాలి. గోదావరిఖని నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. టెండరులో ఆ రవాణాకు విడిగా ఒక ఐటెం, రేటు రాసి ఉండాలి. లేకపోతే కాంట్రాక్టరు టిప్పర్లకు దగ్గర్లోని పాత ఓపెన్‌కాస్ట్ గని గుంతే గతి.