ఏడుపు ఒకటే, పేర్లు రెండు

పసిబిడ్డ ఏడుపుకు పెద్దలు చెప్పుకునే అర్థం ఆ బిడ్డ ఆడో మగో అన్న తలంపును బట్టి మారిపోతుందని 1976లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ ప్రచురించిన పరిశోధన తెలిపింది. పెట్టెలోంచి ఉన్నట్టుండి పైకి లేచే బొమ్మను చూసి ఉలిక్కిపడి ఏడ్చే తొమ్మిది నెలల బిడ్డ వీడియోను చూపినప్పుడు, మగపిల్లవాడని విన్నవారికి ఆ ఏడుపులో కోపం ఎక్కువగా కనిపించగా, ఆడపిల్ల అని విన్నవారికి భయం ఎక్కువగా కనిపించింది.

ఏ భావాన్ని ఎవరి ముందు ఎంతవరకు బయటపెట్టవచ్చో నిర్ణయించే అలిఖిత కట్టుబాట్లను శాస్త్రవేత్తలు ‘ప్రదర్శన నియమాలు’ అంటారు. మోకాలు దోక్కుపోయి ఏడ్చే అయిదేళ్ల పిల్లవాడితో “మగపిల్లాడివి, ఆ ఏడుపేంట్రా” అన్నప్పుడూ, అన్నతో సమానంగా గొంతు పెంచిన చెల్లెలితో “ఆడపిల్లకు అంత కోపం పనికిరాదమ్మా” అన్నప్పుడూ తెలుగు ఇళ్లలో ఈ నియమాలే పాఠంగా అందుతాయి. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్నీ నమ్మరాదన్న సామెత ఇద్దరినీ ఒకేసారి అనుమానిస్తుంది. దుఃఖానికి దారి మూసుకుపోయిన అబ్బాయి ఆటలో ఓడినా, స్నేహితుడు దూరమైనా కోపాన్నే ఆశ్రయిస్తాడు. కోపానికి అనుమతి లేని అమ్మాయి అన్యాయం జరిగినప్పుడు కూడా కన్నీళ్లతోనో మౌనంతోనో సరిపెట్టుకుంటుంది.

ఈ తేడాలన్నీ పుట్టుకతో వచ్చినవేనన్న నమ్మకానికి ఆధారం బలహీనంగానే ఉంది. అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి 2013లో టారా చాప్లిన్, అమీలియా అల్డావో చేసిన విశ్లేషణలో పిల్లల భావవ్యక్తీకరణలో ఆడ, మగ తేడాలు చాలా స్వల్పమనీ, అవి వయసును బట్టీ ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టీ మారుతుంటాయనీ తేలింది.

అణచుకున్నంత మాత్రాన భావం మాయమైపోదు. దుఃఖం కలిగించే చిత్రం చూస్తూ ముఖంలో ఏమీ కనబడనీయవద్దని చెప్పినవారిలో బాధ తగ్గకపోగా, గుండె, రక్తనాళాలపై ఒత్తిడి పెరిగిందని 1997లో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ వెల్లడించిన ప్రయోగం చెబుతోంది. పసితనం నుంచీ ఇదే అలవాటైన పిల్లలు తమకు కలిగినది భయమో, అవమానమో, బెంగో చెప్పుకోవడానికి తగిన మాటలను కూడా నేర్చుకోలేకపోవచ్చు.

భావాన్నీ ప్రవర్తననూ వేరుచేసి చూడటం పెద్దల చేతిలోని పని. కోపం రావడం తప్పు కాదనీ, కొట్టడం తప్పనీ కూతురికీ కొడుక్కీ ఒకే మాటగా చెప్పి, పిల్లలు ఎందుకు ఏడుస్తున్నారో అడిగి తెలుసుకున్న తరువాతే ఊరుకోమనడం ఏ ఇంట్లోనైనా సాధ్యమే.